మూడో తలుపు దాటే ఊపిరి

సోమవారం

పైకి పోయే వాలు దారి, ఇంక్లైన్, ఎక్కడం నేర్చుకునేవాళ్ళందరికీ సర్దార్ బానయ్య తలా ఒక ఫోన్ ఇచ్చాడు. రోజూ పని అయ్యాక నాలుగు ముక్కలు రాసి పంపమన్నాడు. ఏం తిన్నావు, ఎందాక ఎక్కావు, ఒళ్ళు ఎట్లా ఉంది. మా తర్వాత నేర్చుకునేవాళ్ళు ఇవి చదువుకుంటారట. నోటితో చెప్పమంటే నాకు చేతకాదు, రాయమంటే పర్వాలేదు. బడికి ఎక్కువ పోలేదు. తప్పులుంటే సర్దుకోండి.

నా పేరు ఓదెలు. తొట్ల గదిలో పిండి కలుపుతాను. తొట్లలో పెరిగే ఆ పిండే నేల కింద మేముండే ఈ బాయిలో అందరి తిండి.

ఇవాళ పైపు రొట్టె తిన్నాను. రెండో తలుపు దాటి కొంచెం పైకి ఎక్కాను. ఒళ్ళు బాగానే ఉంది.

మా అక్క కనకమ్మ రెండో తలుపు దగ్గరే ఆగిపోయింది. తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు చాపి కూర్చుంది. నేను దిగి వచ్చేసరికి సర్దార్ ఆమె ముందు నిలబడి ఉన్నాడు.

"ఏందే కనకా, మల్ల గీడనే కూసున్నవా?"

"ఏం జెయ్యాలె సర్దార్, గీ తలుపు నాతోని దోస్తానా చేసింది. ఇడిచిపెడ్తలేదు."

సర్దార్ నవ్వలేదు. అక్క కూడా ఆయన వెళ్ళేదాకే నవ్వింది.

బుధవారం

కొత్తగా చదివేవాళ్ళ కోసం తలుపుల సంగతి రాయమన్నాడు సర్దార్.

మా బాయి నుంచి పైకి ఒకటే వాలు దారి. దానికి మూడు తలుపులు. పైనున్న వేడి కిందికి దిగకుండా ఉండటానికి. మూడో తలుపు అవతల నేల, ఆకాశం, ఎండతో కరెంటు చేసే పలకలు. పలకల మీద దుమ్ము పేరుకుంటే కింద ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. ఫ్యాను తిరగకపోతే మాకు గాలి లేదు. రాత్రి భోజనాలయ్యాక మూసిన తలుపులు తెల్లవారుజామునే తీస్తారు. తెల్లారే వెలుతురు వచ్చాక, ఎండ ముదరకముందు, ఆ కాసేపట్లో పలకలు తుడిచి లోపలికి వచ్చేయాలి. కాబట్టి కింది నుంచి గబగబా ఎక్కగలిగినవాళ్ళనే జట్టులో చేర్చుకుంటారు.

పరీక్ష ఇట్లా ఉంటుంది. మూడో తలుపు దగ్గర అడుగున చిల్లి ఉన్న డబ్బా వేలాడుతుంది. కింద ఈల వినపడగానే పైన ఒకరు దాని బిరడా తీస్తారు. నీళ్ళు అయిపోయేలోపు వచ్చి తలుపు తట్టాలి. మూడుసార్లు తట్టలేకపోతే ఇక పేరు రాయరు. అక్కకి రెండుసార్లు నీళ్ళు అయిపోయాయి.

జట్టులో ఇప్పుడున్నది సర్దార్, ఇంకో నలుగురు. అందరూ ముసలివాళ్ళే. మాకంటే ముందు నేర్చుకున్న గుంపులో ఒక్కరూ మూడో తలుపు తట్టలేదు. వాళ్ళ ముందు గుంపులోనూ లేదు.

"మా కాలంల గిట్ల లేకుండె. ఇప్పటి పోరగాండ్ల కాళ్ళల్ల దమ్ము లేదు," అంటాడు సర్దార్.

అక్క దమ్ము లేనిది కాదు. పని లేనప్పుడల్లా ఇంక్లైన్ మీదే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకి ఒకటే పిచ్చి. పైకి పోవాలి. ఒక్కసారి పైన నిలబడాలి.

గురువారం

ఏం తిన్నావు అన్న ప్రశ్నకి రోజూ పైపు రొట్టె అని రాస్తున్నానని మా గుంపులోవాళ్ళు నవ్వుతున్నారు. ఎందుకో చెప్తాను.

సాయంత్రం బాయి అంతా ఒకే పెద్ద గుండిగలో ఆ పిండితో వండిన గట్క తింటారు. మా ముత్తాతలు కిందికి దిగినప్పటి నుంచీ అంతే. గుండిగ దగ్గర బుచ్చవ్వ కూర్చుంటుంది. షుగర్ వచ్చి ఆమె కళ్ళు పోయాయి. గొంతు వింటే గాని గంటె ఎత్తదు. పేరు చెప్పి, ఆ రోజు చేసిన పని ఒక్కటైనా చెప్పాలి. వెనక వరసలో ఉన్నవాళ్ళందరూ వింటుంటారు. జోకులు వేస్తారు.

నాకు అక్కడ గొంతు రాదు. ఒకసారి నిలబడ్డాను. ఓ అన్నాను, దెలు బయటికి రాలేదు. ఆ తర్వాత పోలేదు. తొట్ల గదిలో వేడి నీళ్ళ పైపు ఉంది. పిండి చప్పగా తట్టి దాని మీద అంటిస్తే రొట్టె అవుతుంది. అదే తింటాను.

అక్క నా వంతు కూడా అడిగి తెస్తుంది. ఇవాళ మూలన నిలబడి విన్నాను.

"బుచ్చవ్వా, నేను కనకని. ఇయ్యాల రెండో తలుపుకు కావలి గాసిన."

అందరూ నవ్వారు. బుచ్చవ్వ కూడా నవ్వి గంటె పోసింది.

"ఇగ ఇది మా తమ్మునిది."

"వాని నోరు యాడ వోయిందే?"

"తొట్టిల వడ్డదవ్వా. దేవులాడుతున్నం."

గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను అప్పటికే రొట్టె తినేశాను. గుండిగ గట్క పారేస్తే బాయి ఉరుముతుందని పెద్దలు అంటారు. ఎప్పటిలాగే నాది కూడా అక్కే తిన్నది. చేదుగా ఉంటుందట ఆ గట్క. బాయిలో అందరూ ఆ చేదుకి అలవాటు పడిపోయారు.

తిన్నాక కడుపు పట్టుకుని కాసేపు వంగి కూర్చుంది. రోజూ ఉండేదేలే అంది.

శనివారం

ఇవాళ మూడో తలుపు తట్టాను.

నా పరీక్ష కాదు, వేరేవాళ్ళ కోసం ఈల వేస్తే వాళ్ళ వెనకే ఊరికే ఎక్కాను. చూస్తే తలుపు ఎదురుగా ఉంది. తట్టి, డబ్బాలోకి తొంగి చూశాను. నీళ్ళు ఇంకా ఉన్నాయి. నేనే తప్పు చూశాననుకున్నాను. సర్దార్ వచ్చి డబ్బా ఊపి చూశాడు.

"ఎవడ్రా నువ్వు? ఆ పిండి పోరడివా? దినాం ఎవల ఎనకనో నక్కేటోడివి గదరా!"

నేను తల ఊపాను.

"జర నోరు దెర్వరాదురా. గెలిచినోనివి."

నోరు తెరవలేదు. దిగి వస్తుంటే అక్క రెండో తలుపు దగ్గర కనిపించింది. నన్ను పట్టుకుని గట్టిగా ఊపింది. నా జుట్టు పీకింది. "మా ఓదెలు ఎక్కిండే!" అని వాలంతా మోగేలా అరిచింది. తర్వాత కిందిదాకా నా కంటే నాలుగడుగులు ముందే దిగింది.

నేను ఆమె కంటే ఎక్కువ ఎక్కుతానని ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు. మేం మొదలుపెట్టిన రోజున ఆమె నా కంటే ముందు ఉండేది.

మంగళవారం

ఫ్యాను చప్పుడు మారింది. ఇదివరకు ఒకటే హోరు. ఇప్పుడు మధ్యలో దగ్గుతున్నట్టు ఆగి, మళ్ళీ తిరుగుతోంది. తొట్ల గదిలో దీపాలు సగం తీసేశారు. నీరు ఊరే తడి గోడ వైపు ఇళ్ళ వరసల్లో పిల్లలు తలనొప్పి అంటున్నారు.

పైన జట్టు సగం పలకలే తుడవగలుగుతోంది. సర్దార్ ఇవాళ అక్క మీద కోపం చేశాడు.

"నీ తమ్ముడు ఎక్కుతాండు. నీకేమైంది? ఇద్దరు ఒక్క తల్లి పాలే తాగిండ్లు గదా?"

"ఆమెనే అడుగు సర్దార్. వానికి మీగడ నాకు మజ్జిగ పోసిందేమో."

"నవ్వులాట గాదు కనకా. బద్ధకం జేస్తున్నవు."

బద్ధకం అన్న మాట అక్కకి తగిలింది. ఆయన పోయాక మళ్ళీ ఎక్కింది. నేనూ వెనకే ఎక్కాను. మొదటి తలుపు దాటాక ఆగి, గోడ పట్టుకుని, "కాళ్ళల్ల ఇసుక వోసినట్టున్నదిరా. ఎంత ఎక్కినా గంతే. నిన్నటి కాడికే వస్తున్న," అంది.

గురువారం

దవాఖానలో అందరికీ ఊపిరి చూశారు. ఒక గొట్టంలోకి ఊదాలి. లోపల గోళీ లేస్తుంది. నెల కిందట కూడా ఊదించారు. డాక్టర్ షాహెదా అప్పటి గీతలు, ఇప్పటి గీతలు పక్కపక్కన పెట్టుకుని చూసింది.

చాలామందిది అప్పటికంటే కొంచెం పైకి లేచింది. కొందరిది అసలు లేవలేదు. అక్కది ఉన్నచోటే ఉంది. నాది గొట్టం పైదాకా పోయి టంగున కొట్టింది.

డాక్టరమ్మ నన్ను ఒక్కడినీ ఆపింది.

"ఏం తింటున్నవ్ ఓదెలు?"

నేను నేల చూశాను.

"సిగ్గువడకు. ఫోన్ల రాసి చూపించు."

రాశాను. గుండిగ కాడ తినను. పైపు రొట్టె తింటాను. మాట్లాడాలంటే భయం అందుకని.

ఆమె చదివి, మళ్ళీ చదివి, కుర్చీలో వెనక్కి వాలింది.

"నేనే గదా దినాం ఇస్తున్న," అంది. నాతో కాదు, తనలో తానే.

తర్వాత చెప్పింది. గట్క చేదు పిండిది కాదు. అందులో షుగర్ మందు ఉంది. రోజూ సాయంత్రం ఆమె పొట్లం ఇస్తే బుచ్చవ్వ గుండిగలో కలుపుతుంది. ఆమె ముందు డాక్టర్ కూడా అంతే చేశాడు. అది మొదలయ్యేసరికి సర్దార్ వాళ్ళ జట్టు ఎక్కడం నేర్చేసుకుంది. తొట్ల పిండి తిని, దీపాల కింద కూర్చుని, బాయిలో చాలామందికి షుగర్ ఉంది. అందుకని అందరికీ కలిపి పోస్తున్నారు. పెద్దవాళ్ళలో కొందరికే ఈ సంగతి తెలుసు.

ఫోన్‌లో అడిగాను. మందు చెడ్డదా?

"కాదు. మంచి మందే. అది లేకుంటే గీ బాయిల సగం మంది కండ్లు, కాళ్ళు పోయేటియి. అయితే..." ఆమె తన చేతి కండ పట్టి చూపించింది. "కండల్ల సన్నసన్న కొలుములు ఉంటయనుకో. నువ్వు ఎక్కినకొద్దీ, ఊదినకొద్దీ అవి పెద్దగైతయి. గప్పుడు దమ్ము పెరుగుతది. గీ మందు షుగర్‌ను దించేటప్పుడు ఆ కొలుములను గూడ జర నొక్కి పెడ్తదేమో. అందరికీ ఒక్క తీరుగ గాదు. కొందరికి తక్కువ పెరుగుతది, కొందరికి అసలు పెరగదు. నడిచేటోళ్ళకు, కూసునేటోళ్ళకు గది తెల్వనే తెల్వదు. ఎక్కేటోళ్ళకు తెలుస్తది. నేను గా రెండూ కలిపి సూడలే."

నేను ఇంటికి పోదామని లేచాను. తలుపు దాకా పోయాక అక్క గిన్నె గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి ఫోన్‌లో రాసి ఆమె ముందు పెట్టాను.

నా గంటె కూడా అక్కే తింటుంది.

శుక్రవారం

డాక్టరమ్మ అక్కని పిలిచి వేలు గుచ్చి చూసింది. అక్కకి షుగర్ ఉంది. ఇన్నాళ్ళూ మందు దాన్ని అదుపులో పెట్టింది. ఆమెకి మందు కావాలి. కానీ రెండింతలు మింగుతోంది. కడుపు నొప్పి అందుకే.

అక్క ముందు నవ్వింది. "ఊకనే వస్తున్నదని మందు గూడ రెండు గంటెలు మింగిన్నా?" అంది. దవాఖాన దాటాక నవ్వడం ఆపింది.

"నీ నోరు లేకపోవుడు నా కాళ్ళకు వచ్చిందిరా," అంది.

అంతే. సాయంత్రం నా పక్క నుంచే గుండిగ వైపు పోయింది, చూడకుండా.

నేను కూడా పోయాను. వరసలో నిలబడ్డాను. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతుంటే పారిపోదామనిపించింది. నా ముందు అక్క ఉంది. ఆమె తన పేరు చెప్పి, ఒక గంటె పోయించుకుని, రెండోది అడగకుండా పక్కకి జరిగింది. బుచ్చవ్వ గంటె గాల్లోనే పట్టుకుని ఉంది.

"తమ్మునిది వద్దా?" అంది.

వెనక ఎవరో దగ్గారు.

"నేను ఓదెలుని," అన్నాను. "అక్కకు ఇగ రెండు గంటెలు వొయ్యకు."

ఎవరూ నవ్వలేదు. బుచ్చవ్వ తల ఇటు తిప్పింది.

"ఓరి నీ... గింత మంచి గొంతు ఉన్నదారా నీకు? ఇన్నొద్దులు యాడ దాసినవు?"

అప్పుడు నవ్వారు. అక్క గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది. నవ్వలేదు గానీ, నేను వచ్చేదాకా ఆగింది.

ఆదివారం

బాయి మొత్తాన్ని గుండిగ దగ్గర కూడమన్నారు. డాక్టరమ్మ అంతా చెప్పింది. షుగర్ లేనివాళ్ళకి మందు లేని గట్క వేరే వండుదామంది. ఎక్కేవాళ్ళకి దమ్ము పెరుగుతుందంది. అందరూ ఒక్కసారే మాట్లాడారు. బుచ్చవ్వ గంటెతో గుండిగని కొట్టింది. అందరూ ఊరుకున్నారు.

"రెండు గుండిగలా? ఎర్కేనా మీకు, మందు ఒక్క గుండిగల ఎందుకు కలిపిండ్లో?" అంది. "కిందికి దిగిన కొత్తల షుగర్ ఉన్నోళ్ళను చక్కెరోళ్ళు అనేటోళ్ళు. తడి గోడకు కూసోవెట్టేటోళ్ళు. మా అవ్వ గాడనే కూసున్నది. ఎవలూ మందు అడగకపోయేది, అడిగితే తెలుస్తదని. మా అవ్వ సచ్చిపోయినంక మా నాయిన గుండిగల కలిపిండు. ఎవలకు ఉన్నదో ఎవలకు లేదో ఎవలకూ తెల్వొద్దని. రెండు గుండిగలు వెడ్తే రేపటి సంది మల్ల వేళ్ళు వెట్టి సూపిచ్చుడే."

సర్దార్ నేల చూస్తున్నాడు. ఫ్యాను దగ్గింది, ఆగింది, తిరిగింది.

అక్క లేచింది.

"వేళ్ళు వెట్టి సూపిచ్చేటోళ్ళు నాకు సూపియ్యుండ్లి ముందుగాల. నాకు షుగర్ ఉన్నది. రేపు మందు గుండిగ కాడ మొదలు నేనే నిలవడ్త. అవ్వా, నువ్వు గాడనే కూసో. గీ పోరగాండ్లు మాత్రం ఎక్కాలె. ఫ్యాను దగ్గుతాంది, ఇనవడ్తలేదా?"

అప్పుడు సర్దార్ కూడా లేచాడు.

"కనక ఎనక నేను నిలవడ్త," అన్నాడు. "నా కాళ్ళు గూడ మొద్దుబారుతున్నయి, శానొద్దుల సంది. చెప్పలే."

ఆయన పక్కన ఇంకొకామె లేచింది. తర్వాత ఎవరు ఎవరి వెనకో చూడటం మానేశాను.

శనివారం

ఈ నెలంతా రాయలేకపోయాను. రెండు గుండిగలు వచ్చాయి. మా గుంపులో షుగర్ లేనివాళ్ళ గోళీలు మెల్లగా లేస్తున్నాయి. ఇద్దరు మూడో తలుపు తట్టారు. నేను జట్టుతో పైకి పోయి తుడిచి వస్తున్నాను. ఇంకా మనుషులు చాలరు, పలకలు చాలా ఉన్నాయి.

అక్క ఒక గంటె మీదే ఉంది. కడుపు నొప్పి పోయింది. రెండో తలుపు దాటింది. ఇప్పుడు మూడో దాకా ఎక్కగలదు, కానీ మెల్లగా.

ఇవాళ దవాఖానలో అడిగింది. "డాక్టరమ్మా, పరీక్ష దాక మందు బందువెడ్తే?"

"ఎక్కుతవేమో. నాకూ తెల్వదు. ఒంట్ల షుగర్ మాత్రం ఎక్కుతది. గది నాకు తెలుసు." డాక్టరమ్మ దూది పడేసి చేతులు కడుక్కుంది. "పైన ఏమున్నదో సూడాలంటే కండ్లు ఉండాలె గద కనకా."

అక్క వాదించలేదు. బయటికి వచ్చాక, "బుచ్చవ్వ పైకి ఎన్నడన్న వోయిందారా?" అని అడిగింది. తెలియదన్నాను.

సోమవారం

అక్క మూడో పరీక్ష.

నన్ను పైన డబ్బా దగ్గర పెట్టారు. కింద ఈల వినిపించింది. బిరడా తీశాను. సర్దార్ నా పక్కనే ఉన్నాడు. నీళ్ళు సన్నటి తాడులా కారుతున్నాయి. వేలు అడ్డం పెట్టాలనిపించింది. సర్దార్ నా చెయ్యి చూశాడు. జేబులో పెట్టుకున్నాను.

మొదటి తలుపు గొళ్ళెం చప్పుడు వినపడింది. చాలాసేపటికి రెండోది. తర్వాత చెప్పుల చప్పుడు, ఊపిరి. డబ్బాలో నుంచి ఇక చుక్కలే పడుతున్నాయి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది. చివరి చుక్క పడింది. ఆమె ఇంకా మలుపులోనే ఉంది.

అయినా ఆగకుండా వచ్చింది. వచ్చి తలుపుని అరచేత్తో తట్టింది. గోడకి చేతులు ఆనించి వంగింది.

"నీళ్ళయిపోయినయి బిడ్డా," అన్నాడు సర్దార్. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు.

అక్క ఊపిరి సర్దుకునేదాకా చెయ్యి ఎత్తి ఆగమంది.

"నీళ్ళయిపోతే అయిపోయినయి. తలుపు ఈడనే ఉన్నది, నేనూ ఈడనే ఉన్న. పొద్దు ఇంకా పొడవనే లేదు. గీ డబ్బా ఎందుకు వెట్టిండ్లు సర్దార్?"

"కింది నుంచి బయలెల్లి, ఎండ ముదరకముందుకే ఎక్కి, తుడిచి రావాలె గదా. మెల్లగ ఎక్కేటోళ్ళకు వేళ సాలది."

"కింది నుంచే ఎందుకు బయలెల్లాలె? ముందటి పొద్దు మాపటికే గీడికి వచ్చి పండుకుంటే?"

"మాపటికి గుండిగ..." అని సర్దార్ ఆగాడు.

అన్ని తరాలూ కింది నుంచే ఎక్కింది సాయంత్రం గుండిగ దగ్గర ఉండాలి కాబట్టి. పోయిన నెల దాకా గుండిగ ఒక్కటే. అది వదిలి పైన ఉండటమన్న మాట ఎవరికీ తోచలేదు.

"గుండిగలు రెండయినయి," అంది అక్క. "మూడు గావొద్దా?"

సర్దార్ చిల్లి డబ్బాని కొక్కెం నుంచి తీశాడు. దాని వైపు కాసేపు చూసి చంకలో పెట్టుకున్నాడు.

"బుచ్చవ్వ ఏమంటదో సూడాలె," అన్నాడు.

బుచ్చవ్వ అన్నది ఇది. మూత ఉన్న చిన్న గిన్నెలు రెండు ఇమ్మంది. ఒకదాంట్లో మందు కలిపిన గట్క, ఇంకోదాంట్లో మామూలుది. "మనుషులు గుండిగ కాడికి రాకుంటే గుండిగనే మనుషుల కాడికి వోతది. గీ మాత్రానికి నన్ను అడుగుడు ఎందుకు? మందు తినేటోళ్ళను మల్ల తడి గోడకు మాత్రం కూసోవెట్టొద్దు, గంతే."

గురువారం

ఇది పైనుంచి దిగి వచ్చాక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం మెల్లగా ఎక్కాం. సర్దార్, అక్క, నేను, ఇంకో ఇద్దరు. రెండో తలుపు దగ్గర కూర్చుని నీళ్ళు తాగాం. ఎవరూ తొందర పెట్టలేదు. మూడో తలుపు లోపల గోనెలు పరుచుకుని గట్క తిన్నాం. అక్క తన చేదు గిన్నె ఖాళీ చేసి నా గిన్నెలో వేలు ముంచి రుచి చూసింది.

"ఛీ. ఉప్పూ లేదు, చేదూ లేదు. గిదేం తిండిరా!"

తెల్లారుతుండగా తలుపు తీశారు. వాకిలి దాటాక అక్క నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. నేను మొదటిసారి వచ్చినప్పుడు కూడా అంతే. పైన కప్పు లేకపోతే మెడ ఎందాక ఎత్తాలో తెలియదు.

సర్దార్ మస్టర్ పిలిచాడు. జట్టు పేర్లన్నీ అయ్యాక ఆగి, "కనకమ్మ," అన్నాడు.

"ఉన్న," అంది అక్క. ఇంకా పైకే చూస్తోంది.

"ఆకాశం తుడుసుడు గాదు, పలకలు తుడువాలె."

మా గుడ్డలు మేం తీసుకున్నాం. నేను గబగబా తుడుస్తాను, నాలుగు వరసలు దాటేస్తాను. అక్క మెల్లగా తుడుస్తుంది. మధ్య మధ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఆగుతుంది. మళ్ళీ మొదలుపెడుతుంది. తుడిచిన చోట మచ్చ మిగలదు. ఆమె వరస చివరి పలక చేరేసరికి తూర్పున ఎర్రగా అయింది.

సర్దార్ ఈల వేశాడు. "నడువుండ్లి, ఎండ వస్తాంది."

అందరూ తలుపు వైపు నడిచారు. అక్క కదల్లేదు.

"కనకా!"

"గీ మూల ఒక్కటి ఉన్నది సర్దార్."

సర్దార్ తూర్పు వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనక్కి పోయి పలకకి అవతలి వైపు పట్టాను. ఇద్దరం ఆ మూల తుడిచాం. దుమ్ము పోయాక పలకలో ఎర్రటి ఆకాశం, అందులో అక్క ముఖం కనిపించాయి. ముక్కు మీద దుమ్ము ఉంది. చూసుకుని, తుడుచుకోకుండా లేచింది.

దిగేటప్పుడు ఎవరికీ దమ్ము అక్కర్లేదు. అందరం ఒకటే నడక నడిచాం. మొదటి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఫ్యాను వినిపించింది. ఆగకుండా తిరుగుతోంది.

"రేపు ఎప్పుడు ఎక్కుదాం?" అని అడిగింది అక్క.